పిట్స్‌బర్గ్‌లో అయిదు రోజులు: సమాధి లేని ఆటగాడి కోసం

సెప్టెంబరు 12, 2025, శుక్రవారం

ఈ ప్రయాణం గుడి కోసమని మొదలైంది. పిట్స్‌బర్గ్ వేంకటేశ్వరస్వామి గుడి చూడాలని మా ఆవిడకి ఎన్నాళ్లనుంచో కోరిక. అమ్మాయీ అల్లుడూ సరేనన్నారు. పదకొండేళ్ల మనవడు మాత్రం బేరం పెట్టాడు: "గుడికి వస్తాను. కానీ సోమవారం దాకా ఉండాలి. సోమవారం పదిహేను. క్లెమెంతే డే." స్కూల్ ఎగ్గొట్టడానికి ఎత్తు వేస్తున్నాడని వాళ్లమ్మ అంది. నాకూ అలాగే అనిపించింది.

వాడు లిటిల్ లీగ్‌లో బేస్‌బాల్ ఆడతాడు. చొక్కా వెనక 21 అని ఉంటుంది. ఆ అంకె ఏమిటని నేనెప్పుడూ అడగలేదు, పుట్టినరోజేమో అనుకున్నాను. కారులో ఆరు గంటలు పక్కన కూర్చోబెట్టుకుని చెప్పాడు. రొబెర్తో క్లెమెంతే అని ప్యూర్టోరికో దీవి మనిషి. ఏటా సెప్టెంబరు పదిహేనున బేస్‌బాల్‌వాళ్లు ఆయన్ని తలుచుకుంటారు, అదే క్లెమెంతే డే. పిట్స్‌బర్గ్ పైరేట్స్‌కి 1955 నుంచి 1972 దాకా పద్దెనిమిది సీజన్లు ఆడాడు. సరిగ్గా మూడు వేల హిట్లు కొట్టాడు. హిట్ అంటే బంతి కొట్టి, అవుట్ కాకుండా బేస్ చేరుకోవడమట. 1972 డిసెంబరు 31 రాత్రి, భూకంపం వచ్చిన నికరాగువాకి సాయం తీసుకెళ్తూ విమానం సముద్రంలో పడి పోయాడు. ముప్పై ఎనిమిదేళ్లు. "బాడీ దొరకలేదు తాతయ్యా," అన్నాడు, చిప్స్ ప్యాకెట్ చింపుతూ.

ఆ మాట తర్వాత సొరంగం వచ్చింది. పెన్సిల్వేనియా టర్న్‌పైక్ మీద కొండల కింద నుంచి వెళ్లే సొరంగాలు కొన్ని ఉన్నాయి. ఆ చీకట్లో మా మావయ్య గుర్తొచ్చాడు. ఆయన సంగతి తర్వాత చెప్తాను.

సాయంత్రానికి గుడి. పెన్ హిల్స్‌లో కొండ వాలు మీద తెల్లటి గోపురం, చుట్టూ చెట్లు. 1970ల్లో తిరుమల తిరుపతి దేవస్థానం సాయంతో కట్టారు. అమెరికాలో మనవాళ్లు కట్టుకున్న తొలి గుళ్లలో ఇదొకటి. దర్శనం బాగా అయింది. కింద పులిహోర, పెరుగన్నం. మా ఆవిడ మొహం చూస్తే ఇక తిరిగి వెళ్లిపోయినా ఫర్వాలేదన్నట్టు ఉంది. మనవడు మాత్రం సోమవారం వైపే చూస్తున్నాడు.

సెప్టెంబరు 13, శనివారం

లారెన్స్‌విల్ అనే పేటలో, పెన్ అవెన్యూ మీద, పాత ఫైర్ స్టేషన్ ఒకటి ఉంది. ఎర్ర ఇటుక కట్టడం. ఒకప్పుడు ఇంజన్ హౌస్ 25 అనేవారు. ఇప్పుడు క్లెమెంతే మ్యూజియం. ముందే టైమ్ బుక్ చేసుకుని వెళ్లాలి. ఒక ఫోటోగ్రాఫర్ 1994లో క్యాలెండర్ కోసం క్లెమెంతే ఫోటోలు వెతుక్కుంటూ ప్యూర్టోరికోలో ఆయన ఇంటికి వెళ్లాడట. అక్కడ భార్య వెరా పరిచయమైంది. ఆ పిచ్చి పెరిగి పెరిగి ఇలా మ్యూజియమైంది. బేస్‌మెంట్‌లో ఆ ఫోటోగ్రాఫరే వైన్ కూడా తయారు చేస్తాడు. మ్యూజియం కింద సారాయి ఏమిటని మా ఆవిడ నా చెవిలో గొణిగింది.

నాకు బేస్‌బాల్ తెలియదు. క్రికెట్‌తో పోల్చుకుని సర్దుకున్నాను. క్లెమెంతే రైట్ ఫీల్డర్. అంటే మన లెక్కలో బౌండరీ దగ్గర నిలబడేవాడు. అక్కణ్ణుంచి విసిరితే బంతి నేరుగా వచ్చి చేతిలో పడేది. ఫీల్డింగ్‌కి ఇచ్చే గోల్డ్ గ్లోవ్ పన్నెండుసార్లు, బ్యాటింగ్ టైటిల్ నాలుగుసార్లు, 1966లో లీగ్ ఉత్తమ ఆటగాడు, 1960లోనూ 1971లోనూ వరల్డ్ సిరీస్, అంటే ఏడాది చివర జరిగే ఫైనల్ పోటీ, గెలుపు. ఆ రెండు సిరీస్‌లలో ఆడిన పద్నాలుగు మ్యాచుల్లో హిట్ లేని మ్యాచ్ ఒక్కటీ లేదు.

ఇవన్నీ మావాడికి కంఠతా వచ్చు. నన్ను పట్టుకున్నవి వేరే.

ఒక అద్దం వెనక పాత బేస్‌బాల్ కార్డులున్నాయి. వాటి మీద "బాబ్ క్లెమెంతే" అని అచ్చేసి ఉంది. నోరు తిరగదనో, అమెరికా పేరయితే అమ్ముడుపోతుందనో, 1960ల చివరిదాకా కార్డుల మీద బాబ్ అనే వేశారు. ఆయన మాత్రం ఎవరడిగినా "నా పేరు రొబెర్తో" అని చెప్పుకుంటూ పోయాడు. పేపర్లవాళ్లు మరీ దారుణం. ఆయన యాసని యాసలాగే, స్పెల్లింగు తప్పులతో అచ్చేసి నవ్వుకునేవారు. నల్లవాడు, పైగా స్పానిష్ మాట్లాడేవాడు. రెండు వైపులా దెబ్బ.

మావాడి పేరులో నాలుగక్షరాలుంటాయి. స్కూల్లో ఒక్కటే మిగిల్చారు. అల్లుడి పేరు ఆఫీసులో ఏమిటో చెప్తే ఊళ్లో నవ్వుతారు. ఇంట్లో ఎవరూ దాని గురించి పట్టించుకోలేదు, నేనూ పట్టించుకోలేదు. ఆ కార్డు ముందు మాత్రం మావాడు ఎక్కువసేపే నిలబడ్డాడు.

21 అంటే ఏమిటో కూడా అక్కడే తెలిసింది. తండ్రి ఇంటి పేరు క్లెమెంతే, తల్లి ఇంటి పేరు వాకర్. వాళ్ల పద్ధతిలో రెండూ పెట్టుకుంటారు. రొబెర్తో క్లెమెంతే వాకర్, ఇంగ్లీషులో రాసి అక్షరాలు లెక్కపెడితే ఏడు, ఎనిమిది, ఆరు. మొత్తం ఇరవై ఒకటి. మొదట ఆయన నంబరు 13. పేరు లెక్కపెట్టుకుని 21కి మారాడు. చనిపోయాక, 1973లో, రూల్ పక్కనపెట్టి, బేస్‌బాల్ మహామహుల పేర్లుండే హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి తీసుకున్నారు. మామూలుగా అయితే ఆట మానేశాక అయిదేళ్లు ఆగాలి. లాటిన్ అమెరికా నుంచి ఆ గౌరవం దక్కిన మొదటివాడు ఆయనే. అంత చేసి, ఆ హాల్ ఉన్న కూపర్స్‌టౌన్‌లో పెట్టిన ఫలకం మీద పేరు తిరగేసి "రొబెర్తో వాకర్ క్లెమెంతే" అని చెక్కారు! అమ్మ పేరు మధ్యలోకి వచ్చి కూర్చుంది. సరిదిద్దడానికి 2000 దాకా పట్టింది.

ఇంకొకటి. 1971లో సిరీస్ గెలిచాక టీవీవాళ్లు మైకు పెట్టారు. దేశమంతా చూస్తోంది. ఆయన ముందు ఇంగ్లీషులో మాట్లాడకుండా, స్పానిష్‌లో అమ్మానాన్నలతో మాట్లాడాడు. నా జీవితంలో గొప్ప రోజు ఇది, నా పిల్లలకి నా ఆశీస్సులు, మీరు నన్ను దీవించండి అని. ప్యూర్టోరికోలో పెద్దవాళ్లు కనబడితే "బెందిసియోన్" అంటారు, అంటే దీవించమని. గైడ్ ఈ మాట చెప్తున్నప్పుడు మా ఆవిడ కళ్లజోడు తీసి తుడుచుకుంది. పరీక్షకి వెళ్తూ కాళ్లకి దణ్ణం పెట్టేవాళ్లని పెంచిన మనిషి కదా. తండ్రి మెల్చోర్ చెరకు తోటల్లో మేస్త్రీ, ఏడుగురు పిల్లల్లో రొబెర్తో ఆఖరివాడు. ఆ సాయంత్రం వాళ్లింట్లో ఎలా ఉండి ఉంటుందో ఊహించుకోవచ్చు.

విమానం కథ ఉన్న గోడ దగ్గర గైడ్ గొంతు తగ్గించాడు. భూకంపం డిసెంబరు 23న. మనాగ్వా నగరం నేలమట్టమైంది, వేలమంది పోయారు. కొన్ని వారాల ముందే క్లెమెంతే ప్యూర్టోరికో కుర్రాళ్ల జట్టుకి మేనేజరుగా అక్కడికి వెళ్లొచ్చాడు, తెలిసిన మొహాలున్నాయి. పండగ మానుకుని ప్యూర్టోరికో రాజధాని సాన్ హువాన్‌లో హైరమ్ బిథార్న్ స్టేడియం దగ్గర విరాళాలు పోగుచేశాడు. పంపిన సామాను అక్కడి సైన్యం మధ్యలో మింగేస్తోందని కబురొచ్చింది. నేను వెంట ఉంటే ముట్టుకోరులే అని తానే విమానం ఎక్కాడు. పాత డీసీ-7. మోయాల్సిన దానికంటే రెండు టన్నులకి కాస్త తక్కువ బరువు ఎక్కువ వేశారు. రాత్రి తొమ్మిదిన్నరకి ముందే లేచి, నిమిషాల్లో ఇస్లా వెర్దే ఒడ్డుకి దగ్గరలోనే పడిపోయింది. లోపల అయిదుగురు. పైలట్ శరీరం ఒక్కటే దొరికింది.

జనం కొత్త సంవత్సరం పూట ఒడ్డుకి వచ్చి నిలబడ్డారు. పిట్స్‌బర్గ్ జట్టంతా విమానంలో వచ్చి ప్రార్థనలో కూర్చుంది. క్యాచర్ మానీ సాంగియెన్ ఒక్కడు రాలేదు. ఆ టైమ్‌లో అతను గజ ఈతగాళ్లతో కలిసి సముద్రంలో మునిగి స్నేహితుణ్ణి వెతుకుతున్నాడు.

నేను బయటికి వచ్చి మెట్ల మీద కూర్చున్నాను.

సెప్టెంబరు 14, ఆదివారం

ఈ రోజు పెద్దగా చెప్పుకోవడానికి ఏమీ లేదు. పొద్దున మళ్లీ గుడికి వెళ్లాం, అర్చన చేయించాం. తర్వాత హోటల్ గది. మనవడు హోంవర్క్ చేస్తున్నట్టు నటించాడు.

మావయ్య సంగతి చెప్తానన్నాను కదా. మాది దివిసీమ. 1977 నవంబరు 19 అంటే మా వైపు ఇంకేమీ చెప్పక్కర్లేదు. ఉప్పెన వచ్చిన రాత్రి మా మేనమామ గేదెల్ని విప్పదీయడానికి వెళ్లాడు. అంతే. నాకప్పుడు ఇరవై ఏళ్లు. వారం రోజులు నాగాయలంక అవతల బురదలో, తుమ్మ కంపల్లో కర్రతో కదుపుకుంటూ తిరిగాను. ఏ శవమూ మావయ్యది కాదు. చివర్లో ముక్కు అలవాటు పడిపోయింది, అదీ నాకు ఇప్పటికీ సిగ్గుగా ఉండే విషయం. కొన్నాళ్లకి పంతులుగారు దర్భలతో బొమ్మ చేయించి, దానికే దహనం చేయించారు. అత్తయ్య ఆ బొమ్మ వైపు చూడలేదు. చాలా ఏళ్లు వీధి తలుపు గడియ పెట్టనిచ్చేది కాదు.

సాంగియెన్ ఎందుకు ప్రార్థనకి వెళ్లలేదో నాకెవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

సెప్టెంబరు 15, సోమవారం

పొద్దున ఓక్‌లాండ్. ఇక్కడ యూనివర్సిటీ మధ్యలో పాత ఫోర్బ్స్ ఫీల్డ్ ఉండేది. క్లెమెంతే తన ఆట జీవితంలో సగానికి పైగా ఆడిన మైదానం. 1970లో మూసేశారు. ఇప్పుడు ఒక ఇటుక గోడ ముక్క, తీగలు అల్లుకుని, మీద 457 అడుగులని అంకె, పక్కన జెండా కొయ్య. పక్క రోడ్డు పేరు రొబెర్తో క్లెమెంతే డ్రైవ్. హోమ్ ప్లేట్, అంటే బ్యాటు పట్టుకున్నవాడు నిలబడే చోటి పలక, మాత్రం దగ్గర్లోని పోజ్వార్ హాల్ అనే క్లాసుల బిల్డింగ్‌లో, నేలలో అద్దం కింద ఉంది. పిల్లలు దాని మీదుగా కాఫీ కప్పులతో నడిచిపోతున్నారు. మావాడు అద్దం పక్కన నిలబడి లేని బ్యాట్ ఒకసారి తిప్పాడు. ఎవరూ నవ్వలేదు.

1960 అక్టోబరు 13న ఇక్కడే వరల్డ్ సిరీస్ ఆఖరి మ్యాచ్‌లో పైరేట్స్ ఆటగాడు బిల్ మాజెరాస్కీ ఆఖరి ఇన్నింగ్స్‌లో హోమ్ రన్ కొట్టి యాంకీస్‌ని 10-9తో ఓడించాడు. ఏటా అదే రోజు అభిమానులు ఈ గోడ దగ్గర కుర్చీలు వేసుకుని, ఆనాటి రేడియో కామెంటరీ మొదటి నుంచి చివరిదాకా వింటారు. ఫలితం తెలిసిన మ్యాచ్‌ని ఏటా వినడం! మొదట వింతగా అనిపించింది. తర్వాత గుర్తొచ్చింది, మనం కల్యాణం కథ ఏటా వినడం లేదా? సీతారాముల పెళ్లి జరుగుతుందో లేదో అని ఎవరికీ టెన్షన్ ఉండదు.

దగ్గర్లోనే కెథడ్రల్ ఆఫ్ లెర్నింగ్ అనే ఎత్తైన భవనంలో నలందా పోలికతో కట్టిన ఇండియా క్లాస్ రూమ్ ఉంది. చూశాం. బాగుంది. కానీ మావాడు చెయ్యి పట్టుకుని లాగుతున్నాడు.

మధ్యాహ్నం దాటాక నదివైపు. ఆరో వీధి వంతెనకి 1998లో క్లెమెంతే పేరు పెట్టారు. అసలు కొత్త స్టేడియానికే ఆయన పేరు పెట్టమని జనం అడిగారట. పేరు ఒక బ్యాంకు కొనుక్కుంది. జనానికి వంతెన దక్కింది. నా మటుకు నాకు వంతెనే మేలనిపించింది, బ్యాంకుల పేర్లు మారుతుంటాయి. పసుపచ్చ వంతెన. మ్యాచ్ రోజున కార్లని ఆపేసి మనుషులకి వదిలేస్తారు. తాతలు, మనవలు, ప్యూర్టోరికో జెండాలు కప్పుకున్న కుటుంబాలు, అందరి వీపుల మీదా 21. వంతెన మొత్తం ఒకే మనిషి వెనక్కి తిరిగి నడుస్తున్నట్టుంది.

అవతలి గట్టున విగ్రహం. 1994లో చేసింది. బంతి కొట్టి, బ్యాట్ వదలబోతూ, పరుగు మొదలెట్టే క్షణం. చూపు బంతి వైపే ఉంది. పీఠం దగ్గర అద్దాల కింద మూడు మైదానాల మట్టి పెట్టారు: ప్యూర్టోరికోలో ఆడిన నేల, ఫోర్బ్స్ ఫీల్డ్, ఆ తర్వాత ఆడిన త్రీ రివర్స్. ఎవరో తెల్ల గులాబీలు పెట్టి వెళ్లారు. మా ఆవిడ చెప్పులు విప్పింది. ఎందుకని అడిగితే, "ఏమో, పూలున్నాయిగా," అంది.

మ్యాచ్ చికాగో కబ్స్‌తో. పైరేట్స్ ఆటగాళ్లంతా 21 వేసుకుని వచ్చారు. అందరిదీ ఒకే నంబరైతే ఎవరెవరో ఎలా తెలుస్తుందని నేనడిగాను. "అదే కదా తాతయ్యా పాయింటు," అన్నాడు. కుడివైపు గోడ ఎత్తు ఇరవై ఒక్క అడుగులు, అదీ ఆయన కోసమే. ఆ గోడ మీది 21 గుర్తుని ఈ సీజన్ మొదట్లో తీసేసి డబ్బా మద్యం ప్రకటన వేశారట. ఏప్రిల్‌లో జనం గమనించి గోల చేశారు. పెద్ద కొడుకు రొబెర్తో జూనియర్ మాకు చెప్పనుకూడా చెప్పలేదన్నాడు. క్లబ్బువాళ్లు పొరపాటని ఒప్పుకుని, గుర్తుని మళ్లీ పెట్టారు. నేను వెతికి చూశాను, ఉంది. తండ్రి పోయేనాటికి ముగ్గురు కొడుకుల్లో పెద్దవాడికి ఏడేళ్లు. వెరా మళ్లీ పెళ్లి చేసుకోలేదు. పేద పిల్లల కోసం ఆయన కలగన్న క్రీడా నగరాన్ని ప్యూర్టోరికోలోని కారొలినాలో నడిపింది. 2019లో పోయింది. ఇప్పుడు గోడ మీద అంకెలకి కూడా కొడుకులే కాపలా కాయాల్సి వస్తోంది.

నా పక్క సీటులో డెబ్బై దాటిన ఆవిడ, ఒళ్లో పాత టోపీ. 1972 సెప్టెంబరు 30న మూడు వేలో హిట్ చూశానంది. ముందు రోజు ఒక బంతికి స్కోరుబోర్డు మీద హిట్ అని వెలిగించి, మళ్లీ మార్చి ఫీల్డర్ తప్పన్నారు. ఆయనకి ఒళ్లు మండింది. మర్నాడు న్యూయార్క్ మెట్స్ బౌలర్ జాన్ మాట్లాక్ మీద డబుల్ కొట్టి లెక్క పూర్తిచేశాడు. స్టేడియంలో ఆ రోజు 13,117 మందే ఉన్నారు. "ఇప్పుడైతే ఊళ్లో ప్రతివాడూ నేనూ ఉన్నానంటాడు," అంది నవ్వుతూ. "నిజంగా ఉన్నాను. మా నాన్న తీసుకెళ్లాడు." తర్వాత కాసేపటికి, నేనడక్కుండానే, కొత్త సంవత్సరం పొద్దున రేడియోలో విన్నప్పుడు వాళ్ల నాన్న పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా కదల్లేదని చెప్పింది.

సాంగియెన్ ఆట మానేశాక ఏళ్లపాటు ఈ స్టేడియంలోనే తన పేరుతో ఉన్న బార్బెక్యూ కొట్టు దగ్గర కూర్చుని సంతకాలు పెట్టేవాడట. మనకి అక్కడ తినడానికేం లేదు, పాప్‌కార్న్‌తో సరిపెట్టుకున్నాం. ఇదే పైరేట్స్ 2008లో మన ఉత్తరప్రదేశ్ కుర్రాళ్లు రింకూ సింగ్, దినేశ్ పటేల్‌లతో ఒప్పందం చేసుకుందని అల్లుడు చెప్పాడు. జావెలిన్ విసిరేవాళ్లని బంతి విసరడానికి తీసుకొచ్చారు. పెద్ద లీగ్ దాకా వెళ్లలేదు కానీ, తలుపైతే తట్టారు.

మ్యాచ్ ఎవరు గెలిచారో రాయను. మావాడు రాయొద్దన్నాడు.

సెప్టెంబరు 16, మంగళవారం

తిరుగు ప్రయాణానికి ముందు, పొద్దున్నే, నేనూ మనవడూ పాయింట్ పార్కుకి వెళ్లాం. అలెఘేనీ, మొనాంగహేలా నదులు ఇక్కడ కలిసి ఒహైయో అవుతాయి. గుడిలో కలిసిన ఒకాయన "మా త్రివేణి" అన్నారు.

మహాలయ పక్షాలు నడుస్తున్నాయి. అమెరికా వచ్చాం కదా అని తర్పణాలు ఇంట్లో పళ్లెంలో కానిచ్చేస్తున్నాను. ఇవాళ సంచీలో దర్భలు, నల్ల నువ్వులు పెట్టుకుని వచ్చాను. మెట్ల దగ్గర చేతికి నీళ్లందుతాయి. పంచె కట్టుకోలేదు, ప్యాంటు మీదే. స్వామి క్షమించాలి. పరుగెడుతున్న ఒక అమ్మాయి ఆగి చూసి, మళ్లీ పరుగెత్తింది.

నాన్న, తాత, ముత్తాత. అమ్మ వైపు. ఆ తర్వాత మావయ్య. గోత్రం, పేరు చెప్పి, బొటనవేలి పక్కనుంచి నువ్వులూ నీళ్లూ వదిలాను. మనిషి ఎక్కడ పోయాడో, ఎలా పోయాడో తర్పణం అడగదు, పేరు అడుగుతుంది.

"అయిపోయిందా?" అన్నాడు మావాడు.

"అయిపోయింది."

"ఆయనకి ఇవ్వవా?"

ఎవరికి అని అడగలేదు. ఆయన క్యాథలిక్, ముగ్గురు కొడుకులున్నవాడు, నాకేమీ కాడు. పంతులుగారిని అడిగితే ఏమనేవారో. అయినా చేతిలో నువ్వులు ఇంకా కాసిని మిగిలాయి. గోత్రం తెలియనివాళ్లకి కాశ్యప గోత్రం అని చెప్పుకోవచ్చని మా నాన్న అనేవాడు. నీళ్లు తీసుకుని, "కాశ్యప గోత్రస్య, రొబెర్తో క్లెమెంతే..." అన్నాను.

"వాకర్," అన్నాడు వెనకనుంచి. "వాళ్లమ్మ పేరు చివర్న రావాలి తాతయ్యా. ఇరవై ఒకటి రావాలి."

మళ్లీ నీళ్లు తీసుకుని మొదటినుంచి చెప్పాను. ఈలోగా మా ఆవిడ ఫోన్, పార్కింగ్ టైమ్ అయిపోయిందట, అల్లుడు కంగారు పడుతున్నాడట.